కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి: జీవితము, శాస్త్రవిచారము

గ్రంథమును పీటపై నుంచి పూజించుట సులభము. దానిని చదువుట కొంత కష్టము. చదివి, దాని యర్థమును తన బుద్ధితో విచారించి, ఆ విచారఫలమును లోకమునకు వెల్లడించుట మిక్కిలి కష్టము. ఈ మూడవ కార్యమును జీవితవ్రతముగా పూనిన యాంధ్రులలో కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి గారు అగ్రగణ్యులు. ఇట్టి వార్షిక సంచికలలో వారి చిత్రపటము తఱచుగా కనబడును. హైదరాబాదు ట్యాంకుబండుపై 1986లో నెలకొల్పబడిన తెలుగు మహనీయుల విగ్రహములలో వారి విగ్రహమును గలదు. అయినను పటమును చూచినవారు పెక్కుమంది, గ్రంథములను చదివినవారు కొందఱు. అందుచేత వారి చరిత్రమును, విశేషించి మతగ్రంథములను వారు పరిశీలించిన రీతిని, సోదరీసోదరుల యెదుట సంగ్రహముగా నుంచుట యీ వ్యాసమున కుద్దేశము.

రామస్వామి చౌదరి గారు కృష్ణామండలమున గుడివాడకు సమీపమందలి అంగలూరు గ్రామమున, ఒక కర్షకకుటుంబమునందు, 1887 జనవరి 15వ తేదీన జన్మించిరి. పల్లెటూరి రైతుబిడ్డలకు ఉన్నతవిద్య సులభముగా లభింపని దినములవి. వారు మెట్రిక్యులేషను పరీక్షయం దుత్తీర్ణులగునప్పటికి ఇరువది యేండ్లు దాటినవి. పిదప బందరు నోబిలు కళాశాలలో చేరిరి. విద్యార్థిదశయందే పద్యరచనమున నేర్పు సంపాదించి, అవధానములు చేసి మెప్పు వడసిరి. పల్నాటి వీరుల చరిత్రమును గూర్చి రచనలు సాగించిరి. ఇచట నొక విశేషము గమనింపదగినది. అవధానవిద్య సంప్రదాయపు బడిలోనిది. ఛందస్సు, వ్యాకరణము, పురాణేతిహాసములు స్వాధీనములు గానివాడు ఆ సభలో నిలువజాలడు. కావున తరువాతి కాలమున వారు పురాణములపై సంధించిన ప్రశ్నలు చదువనివాని యాక్షేపణలు కావు. ఇంటిలోపల పెరిగి, ఇంటి గోడలోని బీటలను కన్నవాని సంశయములవి.

1914లో వారు న్యాయశాస్త్రాధ్యయనమునకై ఐర్లండులోని డబ్లిను నగరమునకు పోయిరి. ఐరోపా మహాసంగ్రామము మొదలైన సంవత్సరమది. ఆంగ్లప్రభుత్వముపై ఐరిషు దేశాభిమానులు 1916 ఈస్టరు పండుగనాళ్ళ తిరుగబడినదియు ఆ నగరమందే. అచటినుండి వారు కృష్ణాపత్రికకు వ్యాసములు పంపి, అనిబిసెంటు గారి స్వపరిపాలనోద్యమమును బలపఱచిరి. స్వదేశమునకు మరలివచ్చిన పిదప తెనాలిలో స్థిరపడి న్యాయవాదవృత్తి నవలంబించిరి. వృత్తికంటె సంఘసంస్కారమునందే వారికి మక్కువ మెండు. అయినను న్యాయవాదికి తగిన పరిశీలనబుద్ధి వారి కృతులన్నిటను కనబడును. సాక్ష్యము చెప్పినవాడెవడు, ఆ సాక్ష్యమువలన లాభము పొందువాడెవడు, నోరు విప్పు నవకాశము లేక నిలిచినవాడెవడు అని న్యాయస్థానమున నడుగు ప్రశ్నలనే వారు పురాణముల నడిగిరి. కురుక్షేత్రసంగ్రామమను కృతిలో రాజ్యము న్యాయముగా నెవరికి చెందవలెనో విచారించి, దుర్యోధనుని పక్షమున వాదించిరి. అంగీకరించుట, నిరాకరించుట చదువరి యిష్టము. తీర్పునకు ముందు రెండవ పక్షమును వినవలెననుటయే వారి పట్టుదల.

వారి కృతులలో సూతపురాణము ముఖ్యమైనది. నైమిశారణ్యమున శౌనకాదిమునులకు పురాణములు వినిపించువాడు సూతుడని మనమందఱ మెఱుగుదుము. క్షత్రియునకు బ్రాహ్మణస్త్రీయందు పుట్టిన ప్రతిలోమజుడు సూతుడని ధర్మశాస్త్రములు చెప్పును. తన్ను చూచి లేవలేదని బలరాముడు రోమహర్షణుడను సూతుని వధించిన కథ భాగవత దశమస్కంధమున గలదు. ఉన్నతాసనమున కూర్చుండి మునులకు ధర్మము చెప్పుట కర్హుడైనవాడు, జన్మచేత మాత్రము తక్కువవాడుగా లెక్కింపబడుట వింత గదా! కవిరాజు గారు తమ విమర్శకు ఆ సూతుని పేరే పెట్టిరి. తెనాలిలోని తమ గృహమునకును సూతాశ్రమమని నామకరణము చేసిరి. ఆ గృహము కవిపండితులకును, సంస్కారాభిలాషులకును కూడలి యయ్యెను.

శంబుకవధ యను నాటకము 1920లో వెలువడినది. మూలకథ వాల్మీకిరామాయణపు టుత్తరకాండలోనిది. బ్రాహ్మణబాలు డొకడు అకాలమరణము నొందును. శూద్రుడు తపస్సు చేయుటయే దానికి కారణమని నారదుడు చెప్పును. రాముడు వెదకి, తలక్రిందుగా వ్రేలాడుచు తపస్సు చేయుచున్న శంబుకుని శిరస్సు ఖండించును. బాలుడు బ్రతుకును. కవిరాజు గారు దీనిని దైవకార్యముగా నంగీకరింపక, అధికారము చేజిక్కించుకొన్న వర్గము రాజుచేత చేయించిన హత్యగా చూపిరి. దేశమున గొప్ప కలకలము పుట్టినది.

సంస్కృతము చదివి, చదువు చెప్పి జీవించినవాడ నగుటచే నాకిచట నొక మాట చెప్పవలెనని తోచుచున్నది. ఈ కథ పూర్వకవులను గూడ కలచినది. కాళిదాసు రఘువంశ పంచదశసర్గమున, రాజే స్వయముగా దండించుటచే శంబుకునకు సద్గతి కలిగినదని చెప్పి ముగించెను. భవభూతి ఉత్తరరామచరిత ద్వితీయాంకమున రామునిచేత తన కుడిచేతినే నిష్ఠురములాడించి, హతుడైన శంబుకుని దివ్యపురుషునిగా లేపి నిలిపెను. కథయందు దోషము లేదని తోచియుండినచో ఆ మహాకవులకు ఈ యోదార్పులతో పని యేమి? భవభూతి ఓదార్చి యూరకుండెను. కవిరాజు గారు ఆ యోదార్పు చాలదనిరి. ఇరువురి హృదయములలోను గ్రుచ్చుకొన్న ముల్లు ఒక్కటియే.

ఖూనీ యను నాటకమునకు వేనరాజకథ యాధారము. యజ్ఞములు చేయరాదని శాసించిన వేనుని మునులు మంత్రపూతములైన దర్భలతో చంపిరని విష్ణుపురాణమును, హుంకారముతో చంపిరని భాగవతమును చెప్పుచున్నవి. ఈ నాటకమునకు పెట్టిన పేరులోనే కవిరాజు గారి తీర్పు గలదు. దీనికి ప్రత్యుత్తరముగా విశ్వనాథ సత్యనారాయణ గారు వేనరాజు అను నాటకమును రచించిరి. వాదము తీవ్రమైనను, గ్రంథమునకు గ్రంథముతోనే బదులు చెప్పుట యుభయపక్షముల పాండిత్యమునకును తగియున్నది.

గ్రంథమును ప్రశ్నించుట మన శాస్త్రములకు క్రొత్త గాదు. వేదమంత్రములకు అర్థమే లేదన్న కౌత్సుని మతమును యాస్కుడు నిరుక్త ప్రథమాధ్యాయమున దాచక చెప్పి, పిదప ఖండించెను. పూర్వపక్షమును నిండుగా చెప్పిన పిమ్మటనే సిద్ధాంతమును చెప్పుట మన శాస్త్రకారుల మర్యాద. మతము వ్యవస్థగా బిగిసి, అధికారముల నేర్పఱచుకొని, పూర్వపక్షపు నోరు నొక్కిననాడు శాస్త్రము నశించి తంతు మాత్రము మిగులును. కవిరాజు గారి పోరాటము ఈ స్థితిపైననే. వారికి ముందు కందుకూరి వీరేశలింగము పంతులు గారు (1848-1919) బ్రహ్మసమాజము నాశ్రయించి ఏకేశ్వరారాధనమునందు నిలిచిరి. కవిరాజు గారు హేతువాదమునే నమ్ముకొనిరి. తమిళదేశమున పెరియారు రామస్వామి గారి యాత్మగౌరవోద్యమము 1925లో మొదలైనది. శంబుకవధ అంతకు ముందే తెలుగున వెలువడినది.

వారి సంశయము కాగితములయందే నిలిచిపోలేదు. వివాహమున వధూవరులు తమ కర్థముగాని భాషలో ప్రమాణములు చేయుట వారికి సహింపరాని సంగతి. అందుచేత వారు వివాహవిధి యను పుస్తకమును తెలుగున రచించి, తామే పౌరోహిత్యము వహించి అనేక వివాహములు జరిపించిరి. పురోహితునిపై కోపము దీనికి మూలమని తలచుట పొరపాటు. తాను చేయు ప్రమాణము తనకు తెలియవలెనన్నది ఇందలి ధర్మము.

పరులను విమర్శించుట తేలిక. తనవారిని విమర్శించునప్పుడే మనుజుని నిలుకడ బయటపడును. 1925లో కవిరాజు గారు తెనాలి పురపాలకసంఘమునకు అధ్యక్షులుగా ఎన్నుకొనబడిరి. గంగానమ్మ జాతరలో జంతుబలులు జరుగుట అప్పటి యాచారము. వారు వానిని నిషేధించిరి. ఇది బ్రాహ్మణులు నడపు యజ్ఞము గాదు, శ్రోత్రియుల శాస్త్రము గాదు. వారిని మెచ్చి, సంస్కృతపురాణములపై వారి విమర్శలకు చప్పట్లు చఱచిన సామాన్యజనుల కొలువు అది. అవిశ్వాసతీర్మానముచే వారి పదవి పోయినది. అయినను వారు తమ మాట వెనుకకు తీసికొనలేదు. కొలదికాలములోనే మరల ఎన్నికైరి. సంశయము పరుల గుడి ముందొకటి, మన గుడి ముందొకటి కారాదని వారు పదవి పోగొట్టుకొని చూపిరి.

మహనీయుని చరిత్ర వ్రాయునప్పుడు గుణములనే చెప్పి విరమించుట వారి మార్గమునకే విరుద్ధము. రామాయణమును ఆర్యద్రావిడుల జాతివైరముగా వారు వ్యాఖ్యానించిరి. ఆ భావన పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపా పండితులనుండి వచ్చి, ఆ కాలమున బ్రాహ్మణేతరోద్యమమునకు ఆయుధమైనది. నేటి జ్ఞానమున కది నిలువదు. 2019లో ప్రకటింపబడిన ప్రాచీనజన్యు పరిశోధనలు నేటి భారతీయులు పలు జనసముదాయముల కలయికవలన నేర్పడినవారని చూపినవి. రెండు రక్తముల నడుమ గీత గీచుట సాధ్యము గాదు. కావున వారి జవాబులలో కొన్ని పాతబడినవి. శంబుకు నేల చంపవలసివచ్చెనన్న వారి ప్రశ్న మాత్రము పాతబడలేదు.

కవిరాజు గారు 1943 జనవరి 16వ తేదీన, ఏబదియాఱేండ్లు నిండిన మఱునాడు, పరమపదించిరి. వారి శతజయంతి సందర్భమున 1987లో భారతప్రభుత్వము తపాలాబిళ్ళ విడుదల చేసినది. వారి కుమారులు త్రిపురనేని గోపీచందు గారు (1910-1962) ప్రసిద్ధ నవలాకారులు. అసమర్థుని జీవయాత్ర యను నవలను, ఏల యని యడుగుట నేర్పిన తండ్రికి వారు అంకితమిచ్చిరి. గోపీచందు గారు యౌవనమున ఎం.ఎన్. రాయి గారి మార్గము ననుసరించి, పిమ్మట అరవిందుల తత్త్వమువైపు మరలిరి. తండ్రి హేతువాదము కొడుకునందు నిలువలేదని కొందఱు చింతింపవచ్చును. నాకు వేఱుగా తోచుచున్నది. తండ్రి కుమారునకు జవాబు నప్పగింపలేదు, ప్రశ్నించు స్వాతంత్ర్యము నప్పగించెను. ఆ స్వాతంత్ర్యముతో కుమారుడు తన త్రోవ తాను వెదకికొనెను. మతము నప్పగించినట్లే నాస్తికత్వమును గూడ అప్పగించినచో రెంటికిని భేదమేమి?

ఇక నేటి మాట. 1998లో మాదాపురమున సైబరు టవర్సు ప్రారంభమైనది మొదలు, హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపురము ప్రాంతములు మన పల్లెల బిడ్డలకు జీవనాధారములైనవి. అంగలూరు వంటి గ్రామములనుండి వచ్చిన రైతుబిడ్డలు అచటి కార్యాలయములలో కంప్యూటరునకు వ్రాసిన ప్రతి పంక్తిని పరీక్షించి, తప్పేదో పట్టిన పిదపనే ముందునకు పంపుదురు. ఆ బుద్ధిమంతులే పెండ్లిపీటపై కూర్చుండినప్పుడు, తాము పలుకుచున్న మంత్రమున కర్థమేమని యడుగుటకు సంకోచింతురు. పురోహితుడు తొందరలో నుండును, ఫొటోలవారు తొందరలో నుందురు, బంధువులు భోజనములకు లేతురు. సప్తపదిలోని ఏడడుగులలో ఒక్కొక్కటి దేనికొఱకో అడుగువారు లేరు, చెప్పువారును లేరు. ఆ మంత్రములలో కొన్ని మిక్కిలి సుందరములు. అర్థము తెలిసిన మీదట కొందఱు వానిని ప్రేమించి యుంచుకొందురు, కొందఱు కాదందురు. రెండును వివేకమే. తెలియక తలయూపుట మాత్రము భక్తియు గాదు, వివేకమును గాదు.

మన సంఘమునకును ఒక ప్రశ్న గలదు. పుట్టుకచే హెచ్చుతగ్గులు లేవన్నవారి పటమును మనము పుట్టుకనుబట్టి యేర్పడిన సభలో పూలమాలతో నలంకరించుచున్నాము. కవిరాజు గారును కులసభల కాలముననే జీవించిరి. చదువునకు దూరమైనవారిని చదువుకడకు చేర్చుటకు సంఘములు పనికివచ్చిన కాలమది. ఆ పని, విద్యార్థివేతనముల రూపమున, వసతిగృహముల రూపమున నేటికిని మెచ్చదగినది. కాని మన బిడ్డ వేఱొక కులమువారిని వరించి వచ్చిననాడు మన సభాద్వారము తెఱచియుండునా, మూసియుండునా? తెఱచియుండినచో ఆ పటమునకు మన గోడపై స్థానము గలదు. మూసియుండినచో, శంబుకుని చంపిన న్యాయమే మన వాకిట కావలి కాయుచున్నదని యొప్పుకొనవలెను.

కావున నా మనవి ఇంతియే. వారి పటము క్రింద వారి గ్రంథములను కూడ నుంచుడు. యువకులు వానిని చదివి, పిమ్మట వాల్మీకిని, భవభూతిని చదువుదురు గాక. వారు కవిరాజు గారితో ఏకీభవింపకున్నను దోషము లేదు. పెండ్లిపీటపైనను, సభాద్వారమునను ఏల యని యడుగు బిడ్డను కసరక కూర్చుండబెట్టి బదులు చెప్పు పెద్దలు ఇంటింట నుండిన చాలును.