బట్టీ పట్టిన సూత్రమే కారు సెన్సర్

ఒంగోలు షెడ్డులో టర్బో కారుకి వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ బిగించే పని మీకు దొరికిందనుకోండి. ఇంటర్‌లో మార్కుల కోసం బట్టీ పట్టిన నెర్న్‌స్ట్ సమీకరణం అక్కడ మళ్లీ ఎదురవుతుంది.

1864లో పుట్టిన జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ నెర్న్‌స్ట్ పాతికేళ్లకే, 1889లో, దాన్ని రాశారు. ల్యాబ్‌తో ఆగలేదు. జిర్కోనియా కలిపిన కడ్డీతో దీపం చేసి, పేటెంట్ అమ్మేశారు. కార్లంటే మహా పిచ్చి. మొదటి ప్రపంచయుద్ధంలో ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్నారు. 1920 నోబెల్ అందుకున్నారు. 1941లో కన్నుమూశారు.

1976లో బాష్ సెన్సర్ వోల్వో కార్లలోకి వచ్చింది. అందులో ఉన్నది అదే జిర్కోనియా, అదే సూత్రం. వైడ్‌బ్యాండ్‌లో నెర్న్‌స్ట్ సెల్‌కి తోడు పంప్ సెల్ కూడా ఉంటుంది. టర్బోకి ముందు బిగిస్తే వేడి, ఒత్తిడి రీడింగ్‌ని తప్పిస్తాయి. తప్పుడు రీడింగ్‌ని నమ్మి పెట్రోల్ తగ్గిస్తే పిస్టన్ కాలిపోవచ్చు. అందుకే టర్బో తర్వాతి పైపులోనే బిగించండి. ఇంటర్వ్యూలో ఎందుకని అడిగితే, జవాబు మీ పాత నోట్సులోనే మొదలవుతుంది.