శాసనసభలో ఆంధ్రకేసరి

శాంతి నగర్‌లో మరమగ్గాల చప్పుడు నడుమ తెలుగు అక్షరాలు దిద్దుకొన్న మన బాలబాలికలు తప్పక తెలిసికొనవలసిన జీవితాలలో టంగుటూరి ప్రకాశం పంతులుగారిది ఒకటి. పేదరికంలో పెరిగి, చదువు వలన పైకి వచ్చి, శాసనసభ్యుడై, నూలుతోను వస్త్రంతోను ముడిపడిన ఒక విధానం కోసం ముఖ్యమంత్రి పదవిని సైతం పణంగా పెట్టిన మహనీయుడాయన.

ప్రకాశంగారు 1872 ఆగస్టు 23న ఒంగోలు సమీపాన వినోదరాయునిపాలెంలో జన్మించారు. పదకొండవ ఏట తండ్రి గోపాలకృష్ణయ్యగారు గతించగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి బిడ్డలను పోషించారు. ఆ కష్టకాలంలో ఉపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఆ బాలుని చేరదీశారు. తాము రాజమహేంద్రవరం వెళ్ళినపుడు శిష్యుని వెంటబెట్టుకొని వెళ్ళి చదువు చెప్పించారు. ఒక తల్లి రెక్కల కష్టం, ఒక గురువు ఆదరణ లేకున్న తెలుగుజాతికి ఆంధ్రకేసరి దక్కేవాడు కాదు.

న్యాయవాద పరీక్షలో ఉత్తీర్ణులై రాజమహేంద్రవరంలో పేరు గడించిన ప్రకాశంగారు ఆ పట్టణ పురపాలక సంఘానికి అధ్యక్షులు కూడా అయ్యారు. రెండవ తరగతి ప్లీడరుకు పై కోర్టులలో వాదించే అర్హత లేదు. ఆ కొరత తీర్చుకొనుటకై 1904లో ఇంగ్లండు వెళ్ళి, బారిస్టరై 1907లో తిరిగివచ్చి, మద్రాసులో విశేషంగా ధనార్జన చేశారు. గాంధీమహాత్ముని సహాయ నిరాకరణోద్యమం రాగానే ఆ వృత్తిని విడిచిపెట్టారు. 1921లో స్వరాజ్య పత్రికను స్థాపించి, కూడబెట్టిన ధనమంతా దానికే ధారపోశారు.

1926లో ఆయన కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. సభలో సభ్యుడైనా వీధిలోని ప్రజలకు దూరం కాలేదు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ బొంబాయి రేవులో దిగిన రోజున దేశమంతటా హర్తాళ్ జరిగింది. మద్రాసులో పోలీసులు కాల్పులు జరుపగా ఒక యువకుడు నేలకొరిగాడు. ఆ మృతదేహాన్ని చూడబోయిన ప్రకాశంగారిని తుపాకులు అడ్డగించగా, ఆయన రొమ్ము విరిచి నిలిచారు. ప్రజలు ఆయనను ఆంధ్రకేసరిగా కొనియాడారు. 1930లో శాసనసభ్యత్వాన్ని వదలుకొని ఉప్పు సత్యాగ్రహంలో దూకి కారాగారం పాలయ్యారు.

1937లో మద్రాసు రాష్ట్రంలో ఏర్పడిన రాజాజీ మంత్రివర్గంలో ఆయన రెవిన్యూ మంత్రి. జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షులై, భూమికి హక్కుదారుడు రైతేగాని జమీందారు కాడని 1938లో నివేదిక సమర్పించారు. ఆ వ్యవస్థ రద్దు చట్టం 1948లో వచ్చింది.

1946 ఏప్రిల్ 30న ప్రకాశంగారు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. కొత్త నూలు మిల్లులకు, ఉన్న మిల్లుల విస్తరణకు అనుమతి ఇవ్వరాదని, ఎంపిక చేసిన ఫిర్కాలలో ప్రజలు తమ బట్టను తామే వడికి నేసికొనేటట్లు చేయాలని ఆయన నిశ్చయించారు. మహాత్ముడు దీనిని సమర్థించాడు. మిల్లు యజమానులు, స్వపక్షంలోని పలువురు వ్యతిరేకించారు. అప్పటికే చేనేత మగ్గాలకు మిల్లు నూలే ప్రధానాధారం. రాట్నం ఆ కొరత తీర్చగలదా అన్న సందేహం త్రోసిపుచ్చదగినది కాదు. అయినను ఆయన వెనుదీయలేదు. పార్టీలో ప్రబలిన అసమ్మతికి ఇదొక ముఖ్య కారణమై, 1947 మార్చిలో ఆయన పదవి వీడవలసి వచ్చింది.

1953 అక్టోబరు 1న ఆవిర్భవించిన ఆంధ్ర రాష్ట్రానికి ఆయనే తొలి ముఖ్యమంత్రి. ఆ పాలనలోనే 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలసింది. అదే ఏడాది నవంబరులో మద్య నిషేధం విషయమై వచ్చిన తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం ఓడిపోయింది. 1957 మే 20న హైదరాబాదులో ఆయన కన్నుమూశారు. వేలకు వేలు ఆర్జించిన ఆ బారిస్టరు తనకంటూ ఆస్తి మిగుల్చుకోలేదు. 1972లో ఒంగోలు జిల్లాకు ఆయన పేరు పెట్టారు.

మన భివండీలో వేలాది తెలుగు కుటుంబాలకు అన్నం పెట్టింది మరమగ్గమే. కనుక ప్రకాశంగారి ఖద్దరు పథకాన్ని యథాతథంగా ఆమోదించుట మనకు సులభం కాదు. కాని కొత్త యంత్రం వచ్చినపుడు పాత పనివాని గతి ఏమి అన్న ఆయన ఆవేదన నేటికీ పాతబడలేదు. షటిల్ లేని మగ్గాలు వచ్చి పాత మరమగ్గాలు మూలబడుతున్న ఈ రోజులలో అది మన ఇంటి ప్రశ్నే అయినది. దానికి సమాధానం వెదకవలసిన వారు నేడు మన తరగతి గదులలో కూర్చున్న పిల్లలు. పూటకూళ్ళ ఇంటి బాలునికి తల్లి, గురువు చేసిన సాయమే వారికి మనము చేయవలసినది. ఈ ప్లాటినం జూబిలీ వేళ తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పూర్వ విద్యార్థులు ఈ కర్తవ్యాన్ని స్మరింతురు గాక!