పేకముక్కల ప్రొఫెసర్ డై వెర్నన్

పేకాట అంటే మన ఇళ్లలో పెద్దలకు ఎన్నడూ మంచి అభిప్రాయం లేదు. అయినా క్యాంపులకు వెళ్లినప్పుడో, పెళ్లి విడిదిలోనో, సుదూర రైలు ప్రయాణంలోనో ఒక ఆట వెయ్యనివారు మనలో తక్కువే. ఆ 52 ముక్కలనే ఒక విద్యగా ఎంచి, తొంభై ఏళ్లకు పైగా దానినే ఉపాసించిన వ్యక్తి డై వెర్నన్. ఆ విద్యతో ఆయన ఆస్తిపాస్తులు కూడబెట్టలేదు. అయినా ప్రపంచంలో ఎక్కడ ఏ ఐంద్రజాలికుడు పేకముక్క పట్టినా ఆయన ప్రభావం కొంతైనా కనిపిస్తుంది. ఒక కష్టమైన విద్య కోసం ఆయన పడిన తపన మన వయసువారు తెలుసుకోదగినది.

వెర్నన్ 1894 జూన్ 11న కెనడా రాజధాని ఒటావాలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు డేవిడ్ ఫ్రెడరిక్ వింగ్‌ఫీల్డ్ వెర్నర్. తండ్రి మనలాగే ప్రభుత్వ ఉద్యోగి. తీరిక వేళల్లో ఇంద్రజాలమంటే సరదాపడేవారు. ఏడేళ్ల కొడుకును ఒకసారి గారడీ ప్రదర్శనకు తీసుకువెళ్లారు. అంతే, ఆ పిల్లవాడి మనసు అక్కడే చిక్కుకుపోయింది. అంతకుముందు గడిచిన ఆరేళ్లూ వృథా అయిపోయాయని వెర్నన్ వృద్ధాప్యంలో కూడా నవ్వుతూ చెప్పుకునేవారు.

1902లో అమెరికాలోని షికాగోలో పేకముక్కల రహస్యాలపై ఒక పుస్తకం వెలువడింది. రచయిత పేరు ఎస్. డబ్ల్యు. ఎర్డ్‌నేస్ అని ఉంది. అది మారుపేరు. అసలు మనిషి ఎవరన్నది ఈనాటికీ తేలలేదు. జూదగాళ్లు ముక్కలను ఎలా దొంగతనంగా పంచుతారో, తప్పుడు కలుపుడు ఎలా కలుపుతారో అందులో వివరంగా ఉంది. బడిలో మిగతా పిల్లలు ఎక్కాలు వల్లించినట్టు బాల వెర్నన్ ఆ పుస్తకాన్ని కంఠస్థం చేశాడు. తరువాత కింగ్‌స్టన్‌లోని సైనిక కళాశాలలో ఇంజనీరింగు చదువుకు చేరినా మనసంతా ముక్కల మీదే. చివరకు చదువు వదిలి న్యూయార్క్ చేరారు. పత్రికలవారు డేవిడ్‌ను పొరపాటున డై అని అచ్చువేశారు. ఆనాడు వెర్నన్ కాసిల్ అనే నర్తకుడు అమెరికాలో చాలా ప్రసిద్ధుడు కావడంతో, జనం వెర్నర్ బదులు వెర్నన్ అనసాగారు. రెండింటినీ ఆయన దిద్దకుండా ఉంచేసుకున్నారు.

బతుకుతెరువుకు ఆయన ఎంచుకున్నది నల్ల కాగితంతో నీడబొమ్మలు కత్తిరించే పని. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖాన్ని ప్రక్కనుంచి చూసి, గీత గీయకుండానే కత్తెరతో అచ్చుగుద్దినట్టు కత్తిరించేవారు. ఉత్సవాల్లో, దుకాణాల్లో బల్ల వేసుకుని నాలుగు డబ్బులు సంపాదించుకుని, మిగిలిన కాలమంతా ముక్కలతో సాధన చేసేవారు.

1922లో షికాగోలో జరిగిన ఒక విందులో ఆయనకు జగత్ప్రసిద్ధ ఐంద్రజాలికుడు హూడినీ ఎదురుపడ్డారు. ఏ ముక్కల గారడీనైనా వరుసగా మూడుసార్లు చూస్తే రహస్యం చెప్పేస్తానని హూడినీ ప్రకటించుకునేవారు. వెర్నన్ హూడినీ ఎంచుకున్న ముక్కను కట్టలో పై నుంచి రెండవదిగా పెట్టి, మరుక్షణం అదే ముక్కను కట్ట మీది నుంచి తిప్పి చూపించారు. మూడుసార్లు కాదు, ఏడుసార్లు చూపినా హూడినీకి అంతుపట్టలేదు. ఆనాటి నుంచి హూడినీని ఓడించిన మనిషి అన్న పేరు వెర్నన్‌కు స్థిరపడింది.

అంతటి పేరు వచ్చినా ఆయనకు తృప్తి కలగలేదు. తనకు రాని విద్య ఏదో ఎక్కడో ఉందన్న వెలితి వెంటాడేది. 1932లో ఆ వెలితికి ఒక రూపం దొరికింది.

ఇక్కడ కొంచెం వివరణ అవసరం. పేకలో పంచేవాడు మోసం చేయదలిస్తే తనకు కావలసిన ఆసులు, రాజులు అడుగున దాచుకుని, తన వంతు వచ్చినప్పుడు పై ముక్క ఇస్తున్నట్టు నటిస్తూ అడుగుముక్క తీసుకుంటాడు. ఇది జూదగాళ్లకు తెలిసిన పాత విద్యే. అందుకే పంచేముందు కట్టను పక్కవాడి చేత కోయించే నియమం పెట్టారు. కోసి తారుమారు చేస్తే అడుగు ముక్కలు కట్ట మధ్యకు పోతాయి. దొంగ పని అక్కడితో సరి. అయితే ఎవరైనా కట్ట నడుమ నుంచే ముక్క లాగి పంచగలిగితే? అప్పుడు కోతకు అర్థమే ఉండదు. అది అసాధ్యమని, కేవలం కట్టుకథ అని అందరి నమ్మకం.

ఆ ఏడాది వెర్నన్ కాన్సాస్ రాష్ట్రంలోని విచిటా పట్టణంలో నీడబొమ్మలు కత్తిరిస్తున్నారు. దేశమంతా ఆర్థికమాంద్యం, చేతిలో పని కరువు. అక్కడి జైలులో అమడోర్ విల్లసెనోర్ అనే మెక్సికో దేశపు జూదగాడు హత్యానేరారోపణపై ఉన్నాడని, ముక్కల్లో దిట్ట అని తెలిసి ఆయన చూడబోయారు. ఖైదీ అని చిన్నచూపు చూడలేదు. ఒక విద్యార్థి గురువు వద్దకు వెళ్లినట్టే వెళ్లారు. మాటల మధ్య ఆ ఖైదీ, కాన్సాస్ నగరంలో ఒకడు కట్ట నడుమ నుంచి ముక్కలు పంచడం కళ్లారా చూశానని చెప్పాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని వెర్నన్ బయలుదేరారు. కాన్సాస్ నగరంలో జూదశాలలు తిరిగి, కనిపించిన ప్రతి జూదగాణ్ణీ అడిగారు. చాలామంది నవ్విపోయారు. ఆయన వదలలేదు. ఆఖరికి జాడ తెలిసింది. మిస్సోరి రాష్ట్రంలో ప్లెజంట్ హిల్ అనే చిన్న ఊరు. మనిషి పేరు అలెన్ కెనడీ. వెర్నన్ ఆ ఊరు వెళ్లి అతన్ని కలుసుకున్నారు. కెనడీ కట్ట చేతబట్టి పంచుతుంటే ఆయన కళ్లకు పై ముక్కలే పడుతున్నట్టు కనిపించింది. నిజానికి అవి నడిమి ముక్కలు! లోకం కట్టుకథ అనుకున్నదాన్ని ఒక పల్లెటూరి జూదగాడు ఏళ్ల తరబడి ఒంటరిగా సాధన చేసి సాధించాడు.

విద్య చెప్పడానికి తేలికే. కట్ట కోసిన చోట ఎడమచేతి చిటికెన వేలితో వెంట్రుకవాసి సందు నిలపాలి. అక్కడి ముక్కను మిగతా వేళ్లతో బయటికి నెట్టాలి. పై ముక్కను తీస్తున్న భంగిమలోనే కుడిచేతితో దాన్ని అందుకోవాలి. బొటనవేలు రోజూ చేసే పనే చేస్తున్నట్టు కనిపించాలి. చప్పుడు మారకూడదు, చేతి వేగం మారకూడదు, ముఖంలో ఏ శ్రమా కనబడకూడదు. చేతికి పట్టించుకోవడం మాత్రం ఎడతెగని సాధన. కెనడీ దగ్గర నేర్చుకున్న ఆ పట్టును వెర్నన్ ఇంటికి తెచ్చుకుని పదేపదే అభ్యసించారు. మిత్రుడు చార్లీ మిల్లర్‌కు కూడా నేర్పారు. మిల్లర్ అందులో అసాధారణ నైపుణ్యం సంపాదించాడు.

ఇంత కష్టపడి సాధించిన విద్యను సభలో చూపి చప్పట్లు కొట్టించుకునే వీలు లేదు. సరిగ్గా చేస్తే ఎవరికీ ఏమీ కనబడదు. కనబడితే చేసినట్టే కాదు. వెర్నన్ బోధనకంతటికీ మూలసూత్రం ఇదే. చేయి మామూలుగా ఎలా కదులుతుందో గారడీలోనూ అలాగే కదలాలి. నేర్పు ప్రదర్శించాలన్న తాపత్రయం ఉన్నచోట చూసేవాడికి అనుమానం పుడుతుందని ఆయన శిష్యులకు నూరిపోసేవారు. ఆఫీసులో ఫైళ్లన్నీ వేళకు కదిలినన్నాళ్లూ హెడ్‌గుమాస్తా పని ఎవరి కంటా పడదు కదా! ఇదీ అలాంటిదే.

ఈ తపస్సుకు ఒక మూల్యం కూడా ఉంది. దాన్ని దాచడం న్యాయం కాదు. ముక్కల వెంట పడి తిరిగే భర్తతో భార్య జీన్ చాలా కష్టాలు పడ్డారు. రాబడి నిలకడగా ఉండేది కాదు. ఉన్నా, కొత్త విద్య కబురు వినగానే ఆయన పని వదిలి ప్రయాణం కట్టేవారు. సంసార భారం అధికంగా ఆమె భుజాల మీదే పడింది. వెర్నన్ కీర్తిలో ఆ ఇల్లాలి ఓర్పుకు ఉన్న వాటాను మరచిపోకూడదు.

1941లో మరో దెబ్బ తగిలింది. కుటుంబ పోషణ కోసం న్యూయార్క్‌లో నది ఒడ్డున జరుగుతున్న నిర్మాణంలో ఉద్యోగానికి చేరిన ఆయన ఎత్తు నుంచి నదిలో పడిపోయారు. చేతులు రెండూ విరిగాయి. చేతులే సర్వస్వమైన మనిషికి అంతకంటే ఆపద ఏముంటుంది? అప్పటికి ఆయన వయసు 47. ఆయన కుంగిపోలేదు. ఎముకలు అతికాక మళ్లీ ముక్కలు పట్టారు. వేళ్లకు పాత నడకలు తిరిగి నేర్పారు. ఆయన విద్యను గ్రంథస్థం చేసిన పుస్తకాలు చాలావరకు ఈ ప్రమాదం తరువాత వచ్చినవే. ఆంగ్ల రచయిత లూయిస్ గ్యాన్సన్ కూర్చిన సంపుటాలు 1957 నుంచి వెలువడ్డాయి.

మన సభ్యులు ముఖ్యంగా గమనించవలసింది ఆయన చివరి దశ. 1963లో హాలీవుడ్‌లో ఐంద్రజాలికుల కోసం మేజిక్ క్యాసిల్ అనే క్లబ్బు ప్రారంభమైంది. దాదాపు డెబ్బై ఏళ్ల వయసులో వెర్నన్ అక్కడికి చేరారు. ఆ తరువాత సుమారు మూడు దశాబ్దాల పాటు అదే ఆయన పాఠశాల. ప్రతి రాత్రీ ఒక మూల ఆసనంలో కూర్చునేవారు. చుట్టూ కుర్రవాళ్లు మూగేవారు. ఆయనను ప్రొఫెసర్ అని పిలిచేవారు. ఒకనాడు చదువు మాని ఇల్లు విడిచి ఆయన వెంట దేశమంతా తిరిగిన పర్సీ డయాకోనిస్ అనే బాలుడు ఆ తరువాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడయ్యాడు. పేకను చేతులారా ఏడుసార్లు కలిపితే ముక్కలు చాలినంత చెదురుతాయని మరో గణితవేత్తతో కలిసి 1992లో నిరూపించిన వ్యక్తి ఈయనే.

అదే 1992 ఆగస్టు 21న వెర్నన్ కాలిఫోర్నియాలో కన్నుమూశారు. అప్పటికి వయసు 98. ప్లెజంట్ హిల్ కెనడీ పేరు మాత్రం ఐంద్రజాలికుల మధ్యనే ఉండిపోయింది. 2005లో ఒక పుస్తకం వెలువడ్డాకనే సామాన్య పాఠకులకు ఆయన కథ తెలిసింది.

పదవీ విరమణతో చాలామందికి చేతులు ఖాళీ అయినట్టుంటుంది. మన దగ్గర చిన్నదో పెద్దదో ఒక పనితనం ఉంటుంది. దాన్ని రోజూ కాస్త సాన పట్టుకోవాలి. వచ్చి అడిగిన కుర్రవాడికి దాచుకోకుండా చెప్పాలి. ఖైదీ ఒక్క మాట చెప్పబట్టి వెర్నన్ నేర్చుకోగలిగారు. వెర్నన్ నేర్పబట్టి ఆ విద్య నిలిచింది.