కోయకుండానే లోపలిని చూపిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్

కొరాపుట్, రాయగడ ప్రాంతముల నుండి గుండె జబ్బుతో విశాఖపట్నము చేరే కుటుంబములకు సి.టి. స్కాన్ అను మాట కొత్త కాదు. ఆ యంత్రమునకు మూలపురుషుడు సర్ గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్.

ఆయన 1919 ఆగస్టు 28న ఇంగ్లండులో ఒక రైతు ఇంట, ఐదుగురు సంతానములో కడపటివాడుగా జన్మించారు. పొలములోని యంత్రములే ఆయనకు తొలి గురువులు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున వైమానిక దళములో రాడార్ విద్య నేర్చి, అనంతరము ఫారడే హౌస్‌లో డిప్లొమా పొంది, 1951లో ఇ.ఎం.ఐ. సంస్థలో చేరారు.

అనేక కోణముల నుండి ఎక్స్-రే కిరణములను పంపి, కంప్యూటరుతో గణించి, శరీరపు అడ్డుకోతను చిత్రముగా చూపవచ్చునని ఆయన తలచారు. తొలి ప్రయోగములో ఒక్క చిత్రమునకు కావలసిన కొలతలకే 9 రోజులు పట్టినది. అయినను విడువలేదు. 1971 అక్టోబరు 1న లండనులో తొలిసారి ఒక రోగి మెదడును చిత్రించారు. 1979లో అలన్ కార్మాక్‌తో కలసి నోబెల్ బహుమతి అందుకొన్నారు. అవివాహితుడుగానే జీవించి 2004 ఆగస్టు 12న కన్నుమూశారు.

కొట్టుకొను గుండెను చిత్రించుటకు ఆ తొలి యంత్రము వేగము చాలలేదు. నేటి వేగవంతమైన యంత్రములు, చేతి నరములో మందు ఎక్కించి, గుండె రక్తనాళములను క్షణములలో చూపుచున్నవి. కవాటపు శస్త్రచికిత్సకు ముందు, నాళములలో పూడిక ఉండే అవకాశము తక్కువగానున్న రోగులకు ఈ పరీక్షతోనే సరిపోవచ్చును. పూడిక కనబడినచో, లేక సున్నము పేరుకొని చిత్రము మసకబారినచో, గొట్టము పంపు యాంజియోగ్రామ్ అవసరమగును. మూత్రపిండముల జబ్బు ఉన్నవారు ఆ సంగతి ముందే వైద్యునికి చెప్పవలెను.

ఎముకను, కండను, సున్నమును వేరుపరచి చూపు కొలమానమునకు నేటికిని ఆ రైతుబిడ్డ పేరే నిలిచియున్నది.