యాదృచ్ఛికాల వెనుక దేవుని చెయ్యి

కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు ఒక్క నిమిషంలో తప్పిపోతుంది. విసుక్కుంటూ తర్వాతి బస్సు ఎక్కితే, పక్క సీటులో కూర్చున్న అపరిచితుడు మన బిడ్డకు మంచి సంబంధం చెబుతాడు. లోకం దాన్ని కాకతాళీయం అంటుంది, విశ్వాసి దేవుని చిత్తం అంటాడు. తప్పిపోయిన ఆ బస్సు ప్రమాదానికి గురైందని తెలిస్తే ఆదివారం మన సాక్ష్యం మరింత గట్టిగా ఉంటుంది. దేవునికి కృతజ్ఞత చెప్పడం మంచిదే. అయితే ఆ బస్సు ఎక్కినవారి మాటేమిటి? వారు దేవుని బిడ్డలు కారా? ఈ ప్రశ్నను దాటవేసే విశ్వాసం సగం విశ్వాసమే. దీనికి జవాబు వెదకాలంటే డాక్టర్ ఇసబెల్ కెర్ జీవితాన్ని ఒకసారి తెలుసుకోవాలి.

ఇసబెల్ 1875లో స్కాట్లాండ్‌లోని ఎంజీ ప్రాంతంలో ఓ రైతు కుటుంబంలో జన్మించారు. అంతకు రెండేళ్ల ముందే, 1873లో, నార్వే వైద్యుడు హాన్సెన్ కుష్ఠువ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నారు. స్కాట్లాండ్ విశ్వవిద్యాలయాలు స్త్రీలకు తలుపులు తెరిచింది 1892లో. అప్పటికామెకు 17 ఏళ్లు. పదేళ్లు ముందు పుట్టి ఉంటే ఆ చదువు అందేది కాదేమో! 1903లో అబర్డీన్‌లో వైద్యపట్టా పొందిన ఆమె, అదే ఏడాది రెవరెండ్ జార్జ్ కెర్‌ను వివాహమాడారు. దైవసేవకుడు కాకమునుపు ఆయన వడ్రంగి. ఆఫ్రికాలో మిషనరీగా పనిచేసి వచ్చినవాడు.

1907లో ఈ దంపతులు వెస్లియన్ మెథడిస్టు మిషన్ పక్షాన నిజాం రాజ్యానికి వచ్చారు. నిజామాబాద్‌లో ఆస్పత్రి ఉంది, కాని కుష్ఠురోగులకు అందులో చోటు లేదు. ఇంటివారు వెళ్లగొట్టగా, ఊరివారు దూరం పెట్టగా, వారు చెట్లకింద, దారుల పక్కన బతుకీడుస్తున్న రోజులవి. ఆ దారినే వెళ్లినవారు వేలమంది ఉంటారు. వారంతా చూసినదాన్నే ఇసబెల్ కూడా చూశారు, కాని దాటిపోలేకపోయారు. 1911లో రోగుల కోసం ఓ చిన్న ఆశ్రయాన్ని ప్రారంభించారు. వచ్చేవారు ఎక్కువ, చోటు తక్కువ. అప్పుడు ముందుకొచ్చిన దాత క్రైస్తవుడు కాదు, విదేశీయుడూ కాదు. రాజా నర్సాగౌడ్ అనే హిందూ ప్రముఖుడు పెద్దమొత్తంలో విరాళమిచ్చారు. ఆ సాయంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆస్పత్రి వెలసింది. కట్టడాలు లేవాల్సిన వేళ, కొయ్యపని ఎరిగిన మనిషి ఇంట్లోనే ఉన్నాడు. మన ప్రభువు కూడా వడ్రంగే కదా!

కామారెడ్డి నుంచి నిజామాబాద్ వెళ్లే దారిలోనే ఉంది డిచ్‌పల్లి. 2016లో కామారెడ్డి వేరే జిల్లా అయింది గాని, అంతకుముందు కామారెడ్డి, ఎల్లారెడ్డి, డిచ్‌పల్లి అన్నీ ఒకే జిల్లాలోవి.

మొదట్లో ఆస్పత్రి ఇవ్వగలిగింది కూడు, గూడు, పుండ్లకు కట్లు మాత్రమే. 1920ల నాటికి కలకత్తాలో డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ చాల్ముగ్రా జాతి గింజల నూనెతో ఇంజెక్షన్ల చికిత్సను అభివృద్ధి చేశారు. మన దేశం పూర్వం నుంచీ ఎరిగిన నూనే అది! చికిత్స సిద్ధమయ్యేసరికి డిచ్‌పల్లిలో ఆస్పత్రి సిద్ధంగా ఉంది, రోగులున్నారు, వారిని ముట్టుకోవడానికి జంకని వైద్యురాలూ ఉన్నారు. 1923లో దంపతులిద్దరికీ కైసర్-ఎ-హింద్ పతకం లభించింది. 1932లో ఇసబెల్ డిచ్‌పల్లిలోనే హఠాత్తుగా కన్నుమూశారు. అనేక మందులు కలిపి ఇచ్చే నేటి చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది 1981లో. అంటే, ఆమె నాటిన మొక్క పూర్తి ఫలాన్ని ఆమె చూడలేదు.

రూతు పరిగె ఏరుకోవడానికి వెళ్లిన పొలం బోయజుది కావడం, ఎస్తేరు కాలంలో రాజుకు ఓ రాత్రి నిద్ర పట్టకపోవడం చిన్న సంగతులే. వాటి వెనుక దేవుని సంకల్పం ఉందని బైబిలు చూపిస్తుంది. అయితే జాగ్రత్త! ఇసబెల్‌ను గొప్ప చేయడానికి దేవుడు పేదల వేళ్లు రాల్చలేదు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇది ఎవరి పాపమని శిష్యులడిగితే, యేసు పాపం లెక్క తీయలేదు, కళ్లు తెరిచాడు. కాబట్టి కష్టం ఎందుకొచ్చిందో వివరించడం కన్నా, ఆ కష్టం పక్కన మనల్ని ఎందుకు నిలిపాడో గ్రహించడమే విశ్వాసి పని.

మనకు బస్సు తప్పి, ప్రాణం దక్కిందా? స్తోత్రం చెప్పి ఊరుకోవద్దు. ఆ బస్సులో గాయపడినవారున్న ఆస్పత్రికి వెళ్దాం. మనల్ని మిగిల్చిన దేవుని ఉద్దేశం మనకోసం అక్కడే ఎదురుచూస్తూ ఉండవచ్చు.