వ్యాయామాచార్యుడు ఫ్రీడ్రిష్ యాన్

మన పాఠశాలల ఆటస్థలములలో రెండు కంబముల నడుమ అడ్డముగా బిగించిన ఇనుప కడ్డీని చూడనివారు అరుదు. సింగిల్ బారని పిల్లలు దానిని పిలుతురు. చేతులతో దానిని పట్టుకొని, గడ్డము కడ్డీని దాటువరకు దేహమును పైకి లాగుకొనుట చూచువారికి సులభముగా తోచును. చేయబోయినవారికి గాని దాని కష్టము తెలియదు. ఈ సాధనమును బాలుర వ్యాయామములో ప్రవేశపెట్టి, దాని కొక శిక్షణక్రమమును కల్పించినవారిలో అగ్రగణ్యుడు ఫ్రీడ్రిష్ లూడ్విగ్ యాన్ అను జర్మను ఉపాధ్యాయుడు. ఇంతటి నిరపాయమైన వస్తువును చూచి ఒక రాజ్యము భయపడెననియు, దానిని నేర్పిన గురువు ఆరేండ్లు నిర్బంధములో మ్రగ్గెననియు చెప్పిన నేటివారికి వింతగా నుండును. కాని అది జరిగిన కథయే.

యాన్ 1778 ఆగస్టు 11వ తేదీన ప్రష్యా రాజ్యములోని లాన్‌ట్స్ అను చిన్న గ్రామమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. కుమారుడును ఆ మార్గముననే నడచునని హాల్లె విశ్వవిద్యాలయమునకు పంపిరి. కాని యాన్ స్వభావము వేరు. తోటి విద్యార్థులతో తగవులాడుచు, ఒక విద్యాలయము నుండి మరియొక దానికి మారుచు, తుదకు ఏ పట్టమును పొందకయే చదువు ముగించెను. 1806లో నెపోలియను సేనలు యేనా యుద్ధమున ప్రష్యాను చిత్తు చేసినవి. సైన్యమున చేరుటకు యాన్ పరుగెత్తుచుండగనే ఆ పరాజయము సంభవించెను. మరుసటి యేట జరిగిన టిల్సిట్ సంధి వలన ప్రష్యా తన భూభాగములో ఇంచుమించు సగము కోల్పోయినది. ఆ అవమానము యాన్ హృదయమున జీవితాంతము మానని గాయమయ్యెను.

తరువాత ఆతడు బెర్లిను చేరి పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. బుధ, శనివారముల మధ్యాహ్నములు బాలురకు సెలవు. ఆ వేళలలో ఆతడు శిష్యులను నగరము వెలుపలికి తీసికొనిపోయి పరుగులెత్తించుచు, చెట్లెక్కించుచు, కుస్తీలు పట్టించుచుండెను. 1811 జూను నెలలో హాజెన్‌హైడె, అనగా కుందేళ్ల మైదానమను పేరుగల బయలులో, మొదటి బహిరంగ వ్యాయామ ప్రదేశమును నెలకొల్పెను. యూరపులో వ్యాయామ శిక్షణకు ఆద్యుడాతడే అనుట సరికాదు. అంతకుముందే గుట్స్‌మూట్స్ అను మరియొక జర్మను ఉపాధ్యాయుడు 1793లో బాలుర వ్యాయామమును గూర్చి గొప్ప గ్రంథము వ్రాసియుండెను. యాన్ చేసిన నూతన కార్యము, ఆ విద్యను ఒక పాఠశాల ప్రాకారము నుండి వెలికి తెచ్చి, వచ్చినవారందరకును పంచిపెట్టుట.

హాజెన్‌హైడెలో మొదట చెట్లకొమ్మలే బార్లు. కొమ్మను పట్టి వ్రేలాడుట, ఊగుట, పైకెగయుట బాలురకు సహజమైన క్రీడ. కొమ్మలు చాలకపోగా రెండు గుంజలు పాతి వాని నడుమ అడ్డకర్రను బిగించిరి. దానికి తన ప్రాంతపు పల్లెపలుకులోని రెక్ అను పేరునే యాన్ స్థిరపరచెను. డబుల్ బారని మనము పిలుచు జంటకర్రల సాధనమును అచ్చటనే రూపొందినది. నిలువు స్తంభములు, త్రాళ్లు, నిచ్చెనలు వీనికి తోడయ్యెను.

ఈ సాధనముల గుణము ఈనాటి శరీరశాస్త్రము వలన మనకు మరింత తేటపడినది. వ్రేళ్లను బలముగా ముడుచు కండరములలో ముఖ్యమైనవి అరచేతిలో లేవు. మోచేతికిని మణికట్టునకును నడుమ, ముంజేతిలో నున్నవి. వాని స్నాయువులు మణికట్టును దాటి వ్రేళ్ల దాకా సాగును. దేహమును పైకి లాగు పని ముఖ్యముగా వీపున నిరుప్రక్కల పరచుకొన్న పెద్ద కండరములదియు, దండచేతి కండలదియు. వీపెంత బలిష్ఠమైనను పట్టు సడలినచో ఆ బలము నిరర్థకము. కావుననే కష్టమైన పుల్‌అప్‌లకు పూనుకొనువాడు మొదట ఊరక వ్రేలాడుట నేర్వవలెను. పిమ్మట చేతికి చేయి మార్చుచు కర్ర వెంబడి సాగుట, త్రాటిని ఎగబ్రాకుట. సన్నని కడ్డీ కంటె లావైన కర్ర వ్రేళ్లను ఎక్కువగా శ్రమ పెట్టును. ఆనాటివన్నియు కర్ర బార్లే. పైకి లేవలేనివాడు సయితము, ఎవరైన నెత్తి నిలిపినచో, మెల్లమెల్లగా క్రిందికి దిగగలడు. ఆ దిగుటలోనే లేచుటకు కావలసిన బలము కూడును. కండ త్వరగా పెరుగును, స్నాయువు ఆలస్యముగా గట్టిపడును. తొందరపడినవానికి మోచేతి నొప్పియే ఫలము. దినదినము కొంచెముగా, విడువక చేయుట తప్ప ఇందు అడ్డదారి లేదు.

ఈ విద్యలో ఇంకొక విశేషమున్నది. ఇచ్చట ఎత్తవలసిన బరువు ఎవరి దేహము వారిదే. దానిని సేవకునిచే మోయించుటకు వీలులేదు. యాన్ దీనిని బాగుగా గ్రహించెను. ధనికుల బిడ్డలును, పనివారి బిడ్డలును అందరును చలువ చేయని నారబట్టల చొక్కా, లాగు తొడుగవలెనని ఆతని నియమము. మైదానమున ఒకరినొకరు మన్నన మాటలతోగాక, నీవు అనియే పిలుచుకొనవలెను. కులగౌరవములకు ప్రాణమిచ్చు ఆ రాజ్యములో ఇది సామాన్యమైన విషయము కాదు.

1813లో నెపోలియనుపై యుద్ధము రాగా యాన్ లుట్జోవ్ స్వచ్ఛంద సేనలో చేరెను. ఆతని శిష్యులు పెక్కుమంది ఆ యుద్ధములో పాల్గొనిరి. 1816లో తన సహాయకుడు ఎర్న్‌స్ట్ ఐసెలెనుతో కలసి జర్మను వ్యాయామ కళను గూర్చిన గ్రంథము ప్రకటించెను. సాధనముల కొలతలు, అభ్యాసముల క్రమము, మైదానపు నియమములు అన్నియు అందు గలవు.

ఇంతవరకు ఆతని ఘనత. ఆతని లోపమును దాచుట న్యాయము కాదు. ఫ్రెంచివారిపై పుట్టిన కోపము ఆతనిలో పరులందరిపై ద్వేషముగా ముదిరినది. యూదులను జాతికి వెలియైనవారిగా భావించెను. పరభాషా పదములను కూడ సహింపలేక, తన విద్యకు ప్రాచీన జర్మను మాటయని నమ్మి టుర్నెన్ అను పేరు పెట్టుకొనెను. ఆ మాటకు మూలము లాటిను అని పండితులు తరువాత తేల్చిరి. 1817లో వార్ట్‌బుర్గు కోట చెంత విద్యార్థులు జరిపిన ఉత్సవమున ఆతని శిష్యుడు మాస్‌మన్ మొదలగువారు తమకు గిట్టని గ్రంథముల పేర్లు చదివి మంటలలో వేయించిరి. యూదు రచయిత సాల్ ఆషెర్ పుస్తకమును, పోలీసు అధికారి కాంప్ట్స్ పుస్తకమును అందుండెను.

1819 మార్చిలో కార్ల్ సాండ్ అను విద్యార్థి నాటకకర్త కోట్సెబూను పొడిచి చంపెను. ప్రభుత్వములు బెదరిపోయినవి. ఏకమైన జర్మనీ కావలెననియు, రాజ్యాంగము కావలెననియు కోరు యువకుల గుంపులు వ్యాయామ మైదానములలోనే తయారగుచున్నవని పాలకులు తలచిరి. జూలైలో యాన్‌ను బంధించి, ఒక కోటనుండి మరియొక కోటకు త్రిప్పిరి. 1820 ఆరంభమున ప్రష్యాలో బహిరంగ వ్యాయామమే నిషిద్ధమయ్యెను.

ఆ విచారణసంఘములో నొక న్యాయాధిపతి యుండెను. ఆయన సాహిత్యలోకమునకు సుపరిచితుడైన కథకుడు ఇ. టి. ఎ. హోఫ్‌మన్. యాన్ భావములు ఆయనకు రుచింపవు. అయినను నేరమునకు తగిన సాక్ష్యము లేదని విడుదలకు సిఫారసు చేసెను. తనను నిందించిన కాంప్ట్స్‌పై యాన్ తెచ్చిన పరువునష్టపు వ్యాజ్యమును విచారణకు స్వీకరించుటకును వెనుదీయలేదు. ప్రభుత్వము అడ్డుపడి ఆ వ్యాజ్యమును ఆపివేసెను. హోఫ్‌మన్ ఆ విచారణ తంతును తన కథలో పరిహసించి ప్రభుత్వాగ్రహమునకు పాత్రుడై, 1822లో కన్నుమూసెను. యాన్ భార్య 1823లో గతించెను. 1825లో పై న్యాయస్థానము యాన్‌ను నిర్దోషిగా తీర్చి విడిచినది. కాని బెర్లినులోగాని, విశ్వవిద్యాలయమో ఉన్నత పాఠశాలయో గల పట్టణములోగాని నివసింపరాదని ఆంక్ష విధించిరి. బాలురను ఆతని కంట పడనీయకుండుటయే దాని యుద్దేశము. ఫ్రైబుర్గు అను చిన్న ఊరిలో, పోలీసుల కనుసన్నలలో, ఆ ఉపాధ్యాయుడు శిష్యులు లేక కాలము గడపెను.

విద్య మాత్రము ఆగలేదు. ఆతని మార్గమున శిక్షణ పొందిన కార్ల్ బెక్ 1825లో అమెరికాలోని నార్తాంప్టన్ పాఠశాలలో వ్యాయామ తరగతి ప్రారంభించెను. కార్ల్ ఫోలెన్ హార్వర్డులో నేర్పెను. 1840లో కొత్త రాజు యాన్‌పై ఆంక్షలు తొలగించి, పూర్వయుద్ధమునకై ఇనుప శిలువ బిరుదమిచ్చెను. 1842లో నిషేధము తొలగినది. 1848లో ఆతడు ఫ్రాంక్‌ఫర్టు జాతీయసభకు ఎన్నికయ్యెను. కాని అప్పటికి కాలము ముందుకు సాగినది. రిపబ్లికు కోరు యువకులకు, ప్రష్యా రాజునే చక్రవర్తిగా కోరిన ఆ వృద్ధుడు ద్రోహిగా కన్పించెను. 1852 అక్టోబరు 15న ఫ్రైబుర్గులోనే మరణించెను.

1896లో ఏథెన్సులో తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలు జరిగినవి. డబుల్ బారుపై ప్రథమ స్థానము, సింగిల్ బారుపై ద్వితీయ స్థానము గెలిచినవాడు ఆల్‌ఫ్రెడ్ ఫ్లాటోవ్ అను బెర్లిను యువకుడు. ఆయన యూదుడు. యాన్ ఎవరిని పరులనెనో వారి బిడ్డయే యాన్ రూపొందించిన సాధనములపై జర్మనీకి కీర్తి తెచ్చెను. 1933 తరువాత నాజీలు యాన్‌ను తమ పూర్వపురుషునిగా కొనియాడుచు, ఫ్లాటోవ్‌ను తాను చిరకాలము సేవించిన వ్యాయామ సంఘమునుండి తొలగింపజేసిరి. 1942లో ఆయన తెరేజియన్‌స్టాట్ నిర్బంధ శిబిరములో ప్రాణములు విడిచెను.

యాన్ చేతికి బలమిచ్చు మార్గము కనుగొనెను. ఆ చేతిని ఎవరివైపు చాపవలెనో మాత్రము తప్పుగా బోధించెను. ఆ బోధను లోకము విడువవలసినదే. ఆతడు నిలిపిన అడ్డకర్ర మాత్రము జాతిని అడుగక, మతమును అడుగక, పట్టుకొన్న ప్రతి చేతిని నేటికిని ఒకే తీరున పరీక్షించుచున్నది.