తిత్తి నీళ్లకు ఒక దీనారు: మక్కా దారిలో జుబేదా చేసిన పని

మన ఇళ్లల్లో జుబేదా అనే పేరు కొత్తేం కాదు. నానమ్మో, ఫుప్పూనో, పక్కింటి పాపో, ఎవరో ఒకరు ఉంటారు. చరిత్రలో ఆ పేరుతో నిలిచిపోయిన జుబేదాకు నిజానికి అది ముద్దుపేరు. చిన్నప్పుడు బొద్దుగా ఉండేదని తాత, ఖలీఫా మన్సూర్ అలా పిలిచాడట. వెన్నముద్ద అని దాని అర్థం.

బాగ్దాద్ నగరాన్ని కట్టించిన మన్సూర్‌కి మనవరాలు, ఖలీఫా హారూన్ రషీద్‌కి భార్య. టిగ్రిస్ నది ఒడ్డున రాజభవనంలో బతికిన ఆమెకు నీటి కొరత అంటే ఏంటో తెలియాల్సిన పనే లేదు. హజ్‌కి వెళ్లినప్పుడు తెలిసింది.

కూఫా నుంచి మక్కాకి దాదాపు 1,400 కిలోమీటర్ల ఎడారి దారి. డబ్బున్నవాళ్లు ఒంటెల మీద తోలు తిత్తుల్లో నీళ్లు మోయించుకుని పోయేవాళ్లు. కాలినడకన పోయే పేదలకు దారిలో బావులే దిక్కు. బావి ఎండిందంటే ప్రాణం మీదకి వచ్చినట్టే. మక్కాలో సైతం ఒక దశలో తిత్తి నీళ్లు ఒక దీనారు పలికాయని చరిత్రకారులు రాశారు. దీనారంటే బంగారు నాణెం. కొనగలిగినవాడు తాగాడు, లేనివాడు దాహంతో ఉన్నాడు.

జుబేదా తన సొంత సొమ్ము తీసింది. కొండ రాళ్లు తొలిపించి, సుమారు పది మైళ్ల దూరం నుంచి మక్కాకి నీళ్లు పారించింది. ఖర్చు చూసి ఆమె వకీలు జంకితే, ఎంతైనా సరే పని ఆగొద్దని చెప్పిందట. అరఫాత్ వైపు నీళ్లు తెచ్చిన కాలువను ఇప్పటికీ ఐనె జుబేదా అనే అంటారు.

కూఫా దారిలో బావులు, తటాకాలు, మజిలీలు కట్టించింది. వాన వచ్చినప్పుడు వాగులో పారే నీటిని మళ్లించి, ముందు ఒక తొట్టిలో మట్టి పేరుకోనిచ్చి, తేటనీరు తటాకంలోకి వదిలేవాళ్లు. హాజీలతో పాటు దారి పొడవునా ఉండే బదూ కాపరులకు, వాళ్ల మందలకు కూడా ఆ నీళ్లే ఆధారం. ఆ దారికి దర్బ్ జుబేదా అని ఆమె పేరే నిలిచింది.

809లో భర్త పోయాడు. 813లో అన్నదమ్ముల పోరులో కొడుకు అమీన్ హతమయ్యాడు. ఆ దుఃఖంతోనే ఇంకో పద్దెనిమిదేళ్లు బతికి, 831లో బాగ్దాద్‌లో కన్నుమూసింది.

తర్వాత జరిగింది కూడా చెప్పుకోవాలి. మక్కా నీటి కాలువ పాడైనప్పుడల్లా ఎవరో ఒక పాలకుడు బాగు చేయించాడు. 16వ శతాబ్దంలో ఒట్టోమన్ రాజకుమారి మిహ్రిమా భారీ ఖర్చుతో దాన్ని మరమ్మతు చేయించి పొడిగించింది. ఎడారి నడుమ ఉన్న తటాకాలకు మాత్రం ఆ భాగ్యం లేదు. 1258లో బాగ్దాద్ మంగోలుల చేతిలో పడ్డాక ఆ దారిని పట్టించుకునేవాళ్లు తగ్గారు. చాలా తటాకాలు ఇసుకతో పూడిపోయాయి. పెద్దల కంటికి దగ్గరున్న నీళ్లు నిలిచాయి, దూరంగా ఉన్నవి పోయాయి.

మనవాళ్లు కూడా చనిపోయిన పెద్దల పేరు మీద సదఖయె జారియాగా ఊళ్లల్లో బోర్లు వేయిస్తుంటారు. మంచి పని. కానీ మోటారు కాలిన రోజు దాన్ని ఎవరు బాగు చేయించాలన్నది కూడా ఆ రోజే తేల్చుకుని, రిపేరు కోసం కొంత సొమ్ము పక్కన పెట్టాలి. నీళ్లు ఆగకుండా వస్తేనే కదా అది జారియా.